కాల్చిన రాయికి ‘నేచురల్’ అన్న పేరెందుకు?

ఆన్‌లైన్‌లో ‘నేచురల్ సిట్రిన్ జియోడ్’ అని వెతికి చూడండి. ముదురు నారింజ రంగు స్ఫటికాలు గుత్తులుగా ఉన్న రాళ్లు పదుల కొద్దీ వస్తాయి. అడుగున సుద్దలా తెల్లగా ఉంటాయి, కొనలకు వచ్చేసరికి మాడిన బెల్లం పాకం రంగు తిరుగుతాయి. వాటిలో దాదాపు ఏదీ సిట్రిన్‌గా, అంటే పసుపు రంగు పలుగురాయిగా, పుట్టింది కాదు. బ్రెజిల్‌కు దక్షిణాన ఉన్న రియో గ్రాండే దో సూల్ రాష్ట్రంలోనో, దాన్ని ఆనుకుని ఉన్న ఉరుగ్వేలోని అర్తిగాస్‌లోనో ఊదారంగు అమెథిస్ట్‌గా గని నుంచి బయటికొచ్చాయి. ఆ తర్వాత బట్టీలో నాలుగైదు వందల డిగ్రీల దగ్గర కాలి, పసుపెక్కి, మన దాకా వచ్చాయి. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. కొనేవాళ్లలో మాత్రం చాలామందికి తెలియదు.

‘అయితే ఏమైంది, అందంగా ఉందిగా’ అని నాతో అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. రాళ్లు సేకరించే పిచ్చి ఉన్నవాడిగా నాకు ఇది చిన్న విషయంలా అనిపించదు. జియోడ్‌లో మనం కొనేది రంగు ఒక్కటే అయితే, రంగు వేసిన గాజు ముక్క చాలు. మనం ఇంటికి తెచ్చుకునేది ఆ రాయికి జరిగిన చరిత్రను. దాన్ని కాల్చి చెరిపేశాక ‘నేచురల్’ అని చీటీ అంటించి అమ్మడం నాకు ఏ రకంగానూ మింగుడు పడదు.

ముందు ఆ చరిత్రేమిటో చూద్దాం. జియోడ్ అంటే లోపల బోలుగా ఉండి, గోడల నిండా స్ఫటికాలు పెరిగిన రాయి. ఇవి ఎక్కువగా లావా ప్రాంతాల్లో దొరుకుతాయి. లావా పైకి ఉబికేటప్పుడు దాంట్లో కరిగి ఉన్న వాయువులు బుడగలవుతాయి. లావా గట్టిపడిపోతే బుడగ ఖాళీగా అక్కడే ఉండిపోతుంది. చాలా కాలం తర్వాత సిలికా కరిగిన నీళ్లు రాతి పగుళ్లలోంచి ఆ ఖాళీలోకి దిగుతాయి. మొదట కంటికి ఆనని సన్నటి స్ఫటికాలు గోడ వెంట పొర మీద పొరగా పేరుకుంటాయి. దాన్ని కాల్సెడొనీ అంటారు, చారలు తేలితే అగేట్. హైదరాబాద్‌లో దీని పేరు అకీక్, హకీక్. చార్మినార్ చుట్టుపక్కల ఉంగరాల కొట్లలో అడిగితే గాజు పలక కింద నుంచి వెంటనే తీసి చూపిస్తారు. నీళ్లలో సిలికా పలచబడ్డాక మిగిలిన ఖాళీలో స్ఫటికాలు తీరిగ్గా, పెద్దగా, మొనలు తేలి పెరుగుతాయి. అదే క్వార్ట్జ్, మన పలుగురాయి జాతి. అందులో కాస్త ఇనుము చేరి, చుట్టూ ఉన్న రాతి నుంచి వచ్చే సహజ రేడియేషన్ లక్షల ఏళ్లు తగిలితే ఊదా రంగు వస్తుంది. అంటే ఒక అమెథిస్ట్ జియోడ్‌ను అడ్డంగా కోస్తే, బయటి లావా పెంకు, దాని లోపల అగేట్ చారలు, ఆ పైన రంగులేని పలుగు, చివర ఊదా మొనలు వరసగా కనిపిస్తాయి. ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో కంటితో చదువుకోవచ్చు. నన్ను ఈ రాళ్ల వెంట తిప్పింది ఈ వరసే.

దక్షిణ అమెరికా జియోడ్‌లు దొరికే పరానా లావా సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటిది. లోపలి అమెథిస్ట్ అంత పాతది కాదు. లావా పూర్తిగా చల్లారిపోయిన కోట్ల ఏళ్లకు గానీ ఆ స్ఫటికాలు పెరగలేదు. అదీ ఏ అగ్నిపర్వతపు వేడిలోనో కాదు. అర్తిగాస్ రాళ్లలో చిక్కుకుపోయిన సూక్ష్మమైన నీటి బిందువులను పరీక్షించి, జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో చెప్పిన లెక్క ప్రకారం ఆ అమెథిస్ట్ 15 నుంచి 60 డిగ్రీల మధ్య పెరిగింది. మే నెలలో రామగుండం మధ్యాహ్నపు ఎండ ఆ లెక్క లోపలే పడుతుంది. అంత మామూలు వేడిలో, అంత నెమ్మదిగా తయారైన వస్తువును తెచ్చి 450 డిగ్రీల బట్టీలో పెడితే రేడియేషన్ ఇచ్చిన ఊదా రంగు కొద్ది గంటల్లో పోతుంది. అందులోని ఇనుము సన్నటి ఐరన్ ఆక్సైడ్ రేణువులుగా మారి పసుపును, నారింజను తెస్తుంది. బ్రెజిల్‌లోనే ఉన్న మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని మాంటెజూమా గని నుంచి వచ్చే అమెథిస్ట్‌ను వేడి చేస్తే లేత ఆకుపచ్చ అవుతుంది. దాన్ని ‘గ్రీన్ అమెథిస్ట్’ అని అమ్ముతారు. ఒక్కో గని రాయి ఒక్కో రకంగా మారుతుంది, చాలా రాళ్లు పాలిపోయి ఊరుకుంటాయి. ఎక్కువ ధర పలకని లేత రంగు జియోడ్‌లే ఎక్కువగా బట్టీకి పోతాయి. ముదురు ఊదా ఉంటే దాన్ని అలాగే అమ్మితేనే లాభం.

మరి అసలు సిట్రిన్ ఎలా ఉంటుంది? ముందు చెప్పాల్సింది, అది లేతగా ఉంటుందని. ఎండుగడ్డి పసుపు, పొగ కలిసిన పసుపు, కొన్నిసార్లు కొద్దిగా ఆకుపచ్చ ఛాయ. కొన నుంచి మొదలు దాకా రంగు ఇంచుమించు ఒకేలా పరుచుకుని, స్ఫటికం పారదర్శకంగా ఉంటుంది. సహజ సిట్రిన్‌లో ఎక్కువ భాగానికి రంగు ఇచ్చేది ఇనుప రేణువులు కావు. స్ఫటికంలో సిలికాన్ ఉండాల్సిన చోట అల్యూమినియం చేరి, దానికి సహజ రేడియేషన్ తోడైతే వచ్చే రంగు అది. పొగరంగు క్వార్ట్జ్‌కు ఇది దగ్గరి చుట్టం, అందుకే ఆ పొగ ఛాయ. దాన్ని బట్టీలో పెడితే ముదరడం అటుంచి, ఉన్న రంగు కూడా పోతుంది. కాంగోలోని కటాంగా, జాంబియా, మడగాస్కర్, బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్, రష్యాలోని ఉరల్ పర్వతాలు దీనికి పేరున్న చోట్లు. వీటన్నిటిలో సిట్రిన్ ఎక్కువగా పొడవాటి విడి స్ఫటికాలుగా, పెగ్మటైట్ అనే పెద్ద స్ఫటికాల అగ్నిశిలల్లోనూ వేడినీటి సిరల్లోనూ దొరుకుతుంది. లావా బుడగలో అమెథిస్ట్ దొరికే అవకాశం ఎంత ఎక్కువో, సిట్రిన్ దొరికే అవకాశం అంత తక్కువ. కాబట్టి ‘సహజ సిట్రిన్ జియోడ్’ అన్న మాట వినగానే జాగ్రత్త పడాలి. నిజంగా ఉంటే అది ప్రదర్శనలో ప్రత్యేకంగా పెట్టుకునేంత అరుదైన వస్తువు. ఆన్‌లైన్ షాపులో డజన్ల లెక్కన దొరికేది అది అయ్యే వీలు లేదు.

నా దగ్గర ఉన్న జాంబియా సిట్రిన్ బొటనవేలంత ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్లు దాని పక్కనున్న ఊదా జియోడ్‌ను చూసి ఆగిపోతారు, దీన్ని మామూలు గాజు ముక్క అనుకుని దాటిపోతారు. కిటికీ దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పితే ఒక వైపు నుంచి కాస్త గాఢంగా, ఇంకో వైపు నుంచి కాస్త పలచగా కనిపిస్తుంది. డైక్రోస్కోప్ అనే చిన్న పరికరంతో చూస్తే ఆ రెండు ఛాయలూ పక్కపక్కనే స్పష్టంగా కనిపిస్తాయి. కాల్చిన అమెథిస్ట్‌లో ఈ తేడా కనిపించదు. ఆ లేత పసుపును ఇష్టపడడానికి కొంత అలవాటు కావాలి. బంగారం ఎంత పచ్చగా ఉంటే అంత మంచిదని పెరిగిన మన కళ్లకు అది మొదట్లో వెలవెలబోయినట్టు ఉంటుంది. కానీ అలవాటయ్యాక ఆ ముదురు నారింజ గుత్తులే అతిగా కనిపిస్తాయి.

కాల్చిన దాన్ని గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. పొట్టి మొనలు గుత్తులుగా ఉండడం, మొన దగ్గర ముదురు రంగు, అడుగు తెల్లగా మసకగా ఉండడం, వెనకాల అగేట్ పెంకు అంటుకుని ఉండడం, ఈ నాలుగూ కలిస్తే అది అమెథిస్ట్ జియోడ్ కాల్చినదే. విడి స్ఫటికాల సంగతి అంత తేలిక కాదు. పొగరంగు క్వార్ట్జ్‌ను తక్కువ వేడి మీద కాస్తే కూడా పసుపు వస్తుంది. ‘లెమన్ క్వార్ట్జ్’ అని వచ్చే నిమ్మపండు రంగు రాళ్లకు రేడియేషన్ ఇచ్చి, తర్వాత వేడి చేస్తారు. సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. కార్డు మీద ‘నేచురల్ సిట్రిన్, క్వార్ట్జ్’ అని ఉంటే అది ప్రయోగశాలలో పెంచిన రాయి కాదని, గాజు కాదని అర్థం. కాల్చారా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి ఆ కార్డులో జవాబు ఉండకపోవచ్చు. ‘ట్రీట్‌మెంట్’ అన్న వరసలో ఏం రాశారో, అసలు ఆ వరస ఉందో లేదో చూసుకోవాలి.

ఇక్కడ నన్ను ఎదురు ప్రశ్నించేవాళ్లకు ఒక బలమైన ఆధారం ఉంది. అది గుజరాత్‌లో అకీక్ పనికి పేరున్న ఊరు, ఖంభాత్. రాళ్లను కాల్చడం మన దేశంలో నిన్న మొన్న మొదలైన పని కాదు. గుజరాత్‌లో భరూచ్ దగ్గర రతన్‌పూర్ గనుల నుంచి తవ్విన మట్టిరంగు అకీక్‌ను నెలల తరబడి ఎండలో ఆరబెట్టి, కుండల్లో పెట్టి పిడకల మంట మీద కాస్తారు. అందులోని పసుపుపచ్చ ఇనుప ఖనిజం ఎర్ర ఆక్సైడ్‌గా మారుతుంది. మట్టిరాయి ఎర్రటి కార్నీలియన్ అవుతుంది. హరప్పా కాలం నాటి లోథల్‌లో పూసల కార్ఖానా, కొలిమి తవ్వకాల్లో బయటపడ్డాయి. అక్కడి పనివాళ్లు చేసిన పొడుగాటి కార్నీలియన్ పూసల్లాంటివి ఇరాక్‌లోని ఊర్ రాజ సమాధుల్లో దొరికాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన నైపుణ్యం అది. ఇనుముకు వేడి తగిలితే రంగు మారుతుందన్న రసాయనాన్ని మన వాళ్లు చేతులతో తెలుసుకున్నారు. దాని ముందు నేను తల వంచుతాను.

అయినా నా వాదన మారదు. ఖంభాత్ అకీక్‌ను కాల్చారన్న సంగతి ఎవరూ దాచలేదు. కాల్చడమే ఆ పనివాడి పనితనం, పూస విలువలో సగం అక్కడే ఉంది. పూస మనిషి చేతి వస్తువు. దాన్ని కొనేవాడు ఆ చేతిని కొంటున్నాడు. జియోడ్ అలా కాదు. ‘భూమి ఇలా తయారుచేసింది’ అన్న ఒక్క మాట మీదే దాన్ని అమ్ముతారు, ఆ మాట కోసమే మనం డబ్బిస్తాం. ఆ మాట అబద్ధమైతే అమ్మిన వస్తువే మారిపోయినట్టు. కాల్చిన అమెథిస్ట్ అని రాసి, దానికి తగ్గ ధరకు అమ్మితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. నగలో పొదగడానికి అదే బాగుంటుంది కూడా, రంగు వెలిసిపోదు.

అగేట్‌కు రంగు వేసే చరిత్ర కూడా ఇలాంటిదే. జర్మనీలో ఈడార్, ఓబర్‌స్టైన్ అనే జంట ఊళ్లు అగేట్ సానకు వందల ఏళ్లుగా పేరున్నవి. ఏటి నీటితో తిరిగే పెద్ద ఇసుకరాతి చక్రాల ముందు బోర్లా పడుకుని రాళ్లు అరగదీసేవాళ్లు. సొంత కొండలో రాయి అడుగంటిపోయాక ఆ ఊళ్ల జనం కొందరు బ్రెజిల్‌కు వలస పోయారు. అక్కడి వాగుల్లో అగేట్ బండలు కుప్పలుగా పడి ఉండడం చూసి, 1834 నుంచి ఓడల్లో ఈడార్‌కు పంపడం మొదలుపెట్టారు. ఆ బ్రెజిల్ రాయి చాలావరకు బూడిద రంగులో ఉండేది. దాని పొరల్లో ఒక్కోదానికి ఒక్కో రకం సూక్ష్మ రంధ్రాలు ఉండడంతో రంగు భలే పట్టేది. చక్కెర నీళ్లలో నానబెట్టి గంధకామ్లంలో వేస్తే చక్కెర మాడి నల్లని ఓనిక్స్ అవుతుంది. ఇనుప లవణాలు ఎరుపునిస్తాయి, క్రోమియం ఆకుపచ్చనిస్తుంది. తేనెలో ఉడకబెట్టే పద్ధతి గురించి రోమన్ రచయిత ప్లినీ ఒకటో శతాబ్దంలోనే రాశాడు. మనం ఆన్‌లైన్‌లో చూసే గులాబీ, మెరిసే నీలం, ఊదా అగేట్ పలకలు, టీ కప్పు కింద పెట్టుకునేవి, అన్నీ ఈ వంశానివే. అగేట్ సహజ రంగులు బూడిద, తెలుపు, నీలి బూడిద, గోధుమ, ఇటుక ఎరుపు. లేత గులాబీ కొన్ని చోట్ల నిజంగానే ఉంటుంది గానీ, హోలీ రంగు గులాబీ ఉండదు. అనుమానం వస్తే పగుళ్ల వెంట చూడండి. రంగు వేసిన రాయిలో పగుళ్ల దగ్గర అది పేరుకుని కనిపిస్తుంది. కొన్ని రంగులు ఎండలో పెడితే ఏడాదిలో వెలిసిపోతాయి. మొరాకో నుంచి వచ్చే జియోడ్‌లలో ఇంకా ఘోరాలున్నాయి. మామూలు పెంకులో పటిక స్ఫటికాలు పెంచడం, సీసపు ఖనిజం ముక్కలు జిగురుతో అంటించడం, పైన మెరుపు రంగు కొట్టడం. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ సీసపు వాటిని అసలు పెట్టకండి.

మన ఇళ్లలో ఈ గొడవ జియోడ్‌ల కన్నా ఉంగరాల్లో ఎక్కువ కనిపిస్తుంది. గురు గ్రహానికి కనకపుష్యరాగం పెట్టుకోమంటారు. అది నీలమణి (సఫైర్) జాతిలోనే పసుపు రంగు రాయి, ఖరీదు ఎక్కువ. కొనలేని వాళ్లకు ఉపరత్నంగా ‘సునేలా’ ఇస్తారు, అదే సిట్రిన్. కొన్నిచోట్ల దాన్నే ‘గోల్డెన్ టోపాజ్’ అంటారు. మా పిన్నికి అలా ఒక కొట్లో ‘బ్రెజిల్ నేచురల్ సునేలా, వేడి చెయ్యనిది’ అని చెప్పి ముదురు నారింజ రాయి అమ్మారు. విడిగా బరువు, సాంద్రత చూశాం. క్వార్ట్జ్ సాంద్రత 2.65, టోపాజ్ 3.5 పైన, నీలం జాతి రాయి 4. కాబట్టి సిట్రిన్ అన్నంత వరకు అబద్ధం లేదు. రంగు మాత్రం ముమ్మాటికీ బట్టీది. పిన్ని బాధపడింది డబ్బు గురించి కాదు. “కాల్చిన రాయి అని ముందే చెప్పొచ్చు కదరా, పెట్టుకోవాలో వద్దో నేను చూసుకునేదాన్ని” అంది. రాళ్ల మహిమ మీద నాకు నమ్మకం లేదు. పిన్నికి ఉంది. కానీ ఆమె అన్న మాటలో మా ఇద్దరికీ తేడా లేదు. రాయి నేల నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలని నమ్మేవాళ్లకే ఈ అబద్ధం ఎక్కువ నష్టం చేస్తుంది. డబ్బు నిలుస్తుందని గల్లాపెట్టె పక్కన సిట్రిన్ గుత్తి పెట్టుకునే వ్యాపారులకు కూడా ఇదే మాట చెప్తాను.

ఇంత దూరం బ్రెజిల్ దాకా వెళ్లి మోసపోవడం చూస్తే నాకు ఇంకో కారణంతో కూడా కడుపు మండుతుంది. జియోడ్‌ల దేశంలోనే మనం ఉన్నాం. దక్కన్ లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. మహారాష్ట్ర దాని నడిబొడ్డు అయినా, తెలంగాణలో ఆదిలాబాద్, జహీరాబాద్, వికారాబాద్ వైపు నేలల కింద ఉన్నది ఆ రాయే. నల్లరేగడి దాని నుంచి పుట్టిందే. ఆంధ్రలో రాజమండ్రి దగ్గర కాతేరులో, గోదావరికి అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కూడా లావా రాయి ఉంది. పశ్చిమ కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా ప్రవహించి అక్కడికి చేరిన లావా అదని, భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఒకటి కావచ్చని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తున్నారు. రాజమండ్రిలో పుట్టి పెరిగిన స్నేహితులకు ఈ సంగతి చెప్తే నమ్మరు.

పుణె, నాసిక్, జల్గావ్ క్వారీల్లో దొరికే ఖనిజాల కోసం ప్రపంచమంతా ఎదురుచూస్తుంది. ఆకుపచ్చ అపోఫిల్లైట్, పీచు రంగు స్టిల్‌బైట్, పుణె పక్కన వాఘోలీ క్వారీ నుంచి వచ్చిన నీలం కావన్‌సైట్. కావన్‌సైట్‌కు అంతకన్నా మంచి నమూనాలు ఇంకెక్కడా లేవు. ఇవన్నీ బయటపడింది రత్నాల గనుల్లో కాదు, రోడ్డు కంకర కోసం, రైలు పట్టాల కింద వేసే రాయి కోసం తవ్విన క్వారీల్లో. నాసిక్ దగ్గర సిన్నర్‌లో గార్గోటి మ్యూజియం ఉంది. షిర్డీ వెళ్లే తెలుగు కుటుంబాలకు అది పెద్ద దూరమేమీ కాదు, ఒక పూట కేటాయించండి. అగేట్‌లో చెట్ల కొమ్మల్లా కనిపించే గీతలు చూడాలంటే ఉత్తరప్రదేశ్‌లోని బాందా ‘షజర్’ రాళ్లు చూడాలి. కేన్ నదిలో దొరుకుతాయి. అవి మొక్కల ఆనవాళ్లు కావు, మాంగనీస్, ఇనుప ఆక్సైడ్‌లు పగుళ్లలో పాకినప్పుడు పడ్డ గీతలు.

మన వైపు రాళ్లు అంత సొగసైనవి కావు, ఒప్పుకుంటాను. వికారాబాద్ వైపు చేల గట్ల మీద కనిపించేవి ఎక్కువగా పిడికెడు కాల్సెడొనీ ముద్దలు. బయటికి పాలిపోయిన తెలుపు, పగిలితే లోపల నీలి బూడిద చారలు, నడుమ చిన్న ఖాళీలో చక్కెర పలుకుల్లాంటి పలుగు మెరుపు. తొలకరి పడ్డ వారం తర్వాత నేల కడుక్కుపోయి ఇవి తేలతాయి. ఒకసారి గట్టు మీద ఏరుతుంటే రైతు వచ్చి, “గా చెకుముకి రాళ్లు ఏం జేస్కుంటవు సారూ? గుంటుకకు అడ్డమొస్తున్నయని మేమే గట్టుకు పారేస్తం” అన్నాడు. ఒకటి పగలగొట్టి లోపల చూపిస్తే కాసేపు తిప్పి తిప్పి చూసి, “మా పిల్లగానికి ఇయ్యి” అని అడిగి తీసుకున్నాడు. రాతియుగంలో ఈ నేల మీద తిరిగిన మనుషులు చిన్న చిన్న పనిముట్లు చేసుకున్నది ఈ రాయితోనే. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో శాతవాహనుల కాలపు అగేట్, కార్నీలియన్ పూసలు దొరికాయి. అక్కడి పురావస్తు మ్యూజియంలో చూడొచ్చు. ఊరి పక్కన ఇంత చరిత్ర ఉండగా కాల్చిన బ్రెజిల్ రాయికి వేలు పోయడం నాకు అర్థం కాదు.

సేకరించాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. పొలంలో రైతును, క్వారీలో యజమానిని అడగకుండా ఒక్క రాయి కూడా తీయొద్దు. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చింది, వాటిలో అగేట్, క్వార్ట్జ్ రెండూ ఉన్నాయి. క్వార్ట్జ్‌ను మాత్రం 2025లో మళ్లీ ప్రధాన ఖనిజాల్లోకి మార్చింది. అగేట్ లాంటి చిన్నతరహా ఖనిజాల తవ్వకం నియమాలు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటాయి. అనుమతితో ఇంటికి నాలుగు రాళ్లు తెచ్చుకోవడం వేరు, లోడు ఎత్తడం వేరు. ముద్దను చేతిలోకి తీసుకున్నప్పుడు దాని సైజుకు తగ్గ బరువు లేదనిపిస్తే లోపల ఖాళీ ఉన్నట్టు. కోయించాలంటే డైమండ్ రంపంతో, నీళ్లు పోస్తూ కోయించండి. పొడిగా కోస్తే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఖంభాత్‌లో అకీక్ అరగదీసే ఎన్నో కుటుంబాలను ఆ జబ్బు తినేసింది. బ్రెజిల్ అమెథిస్ట్ గని కార్మికులకూ అదే గతి. అందమైన రాయి ధరలో ఆ ఊపిరి కూడా ఉంది, దీన్ని మర్చిపోయి బేరమాడేవాళ్లంటే నాకు కోపం.

అన్నిటికన్నా ముఖ్యం చీటీ. ఏ ఊరు, ఏ క్వారీ, ఏ నెల, ఎవరు ఇచ్చారు. చీటీ లేని జియోడ్ అలంకరణ సామాను, చీటీ ఉన్నది నమూనా. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ అలవాటు ఇంకా తేలిక. అయోవా, ఇల్లినాయ్, మిస్సోరీ కలిసే చోట కియోకుక్ జియోడ్‌లు దొరుకుతాయి. అవి లావావి కావు, సముద్రపు అడుగున ఏర్పడ్డ సున్నపురాయి, మట్టిరాయి పొరల్లోవి. డబ్బు కట్టి పిల్లలతో స్వయంగా తవ్వుకునే చోట్లు అక్కడ ఉన్నాయి. అరిజోనాలోని టూసాన్‌లో ప్రతి ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఖనిజాల సంత జరుగుతుంది. దక్కన్ రాళ్లు బల్లల నిండా కనిపిస్తాయి, చీటీల మీద మన ఊళ్ల పేర్లు చదువుకోవచ్చు. అక్కడ కూడా కాల్చిన గుత్తులు ఉంటాయి. ‘ఈజ్ దిస్ హీటెడ్?’ అని సూటిగా అడగండి. నిజాయితీ ఉన్న వ్యాపారి అవునని చెప్పి ధర కూడా దానికి తగ్గట్టే చెప్తాడు. తడబడితే ముందుకు సాగండి. హైదరాబాద్‌లోనైనా అంతే, ‘ఇది కాల్చిందా?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.

ఇప్పటికే మీ ఇంట్లో ఆ నారింజ గుత్తి ఉంటే దాన్ని పారేయక్కర్లేదు. దాని కింది అగేట్ చారలు ఇంకా నిజమైనవే, స్ఫటికాల ఆకారమూ నిజమైనదే, పోయింది రంగు ఒక్కటే. అడుగున చిన్న కాగితం అంటించి ‘అమెథిస్ట్, దక్షిణ అమెరికా, కాల్చినది’ అని రాయండి. ఇంటికి వచ్చినవాళ్లు అడిగితే అదే చెప్పండి. ఇంకో రాయి కొనే ముందు ఒక్కసారి జహీరాబాద్ దారిలోనో, పంగిడి వైపో వెళ్లి, క్రషర్‌లోకి పోయే కుప్పలో ఒకటి చూసుకోనిమ్మని అడగండి.